కాలేయం గట్టిదనం కొలిపించుకున్నాను: నా అనుభవం

హెపటైటిస్ సి ఉందని తేలిన మనిషిని ఎవరైనా మొదట అడిగేది “వైరస్ ఎన్ని లక్షలు ఉందట?” అనే. నా రిపోర్టులో కూడా వైరల్ లోడ్ లక్షల్లోనే ఉంది. ఇంట్లోవాళ్లు, చుట్టాలు అందరూ ఆ అంకె చూసి హడలిపోయారు. లక్షల్లో వైరస్ ఉన్నా కాలేయం మెత్తగానే ఉండవచ్చని, వేలల్లో ఉన్నా మచ్చలు కట్టి గట్టిపడి ఉండవచ్చని డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. ఏ మందు వాడాలి, ఎన్ని వారాలు వాడాలి, మందు అయిపోయాక ఏమేమి చూసుకుంటూ ఉండాలి అన్నవి తేల్చేది కాలేయంలో కట్టిన మచ్చ. దాన్ని సూది గుచ్చకుండా, ముక్క తీయకుండా ఎలా అంచనా వేస్తారో, ఆ అంచనా ఎక్కడ తప్పే వీలుందో నాకు జరిగినదాన్ని బట్టి రాస్తున్నాను. మా కోనసీమలో ఈ జబ్బు ఉన్నా బయటికి చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయేవాళ్లను చూశాను. వాళ్లు ఇది చదవాలని నా కోరిక.

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను. 2023లో, నా యాభై ఆరో ఏట, కుడి కంటికి శుక్లం ఆపరేషన్ కోసం అమలాపురం వెళ్లాను. ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసే రక్తపరీక్షల్లో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) దగ్గర ‘రియాక్టివ్’ అని వచ్చింది. అప్పటికి నాకు ఏ బాధా లేదు. ఆకలి బాగానే ఉంది, నిద్ర బాగానే ఉంది, కామెర్లు ఎన్నడూ రాలేదు. ఈ జబ్బు తీరే అంత. ఇరవై ముప్పై ఏళ్లు చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని తింటూ ఉంటుంది.

ఎలా సోకి ఉంటుందని డాక్టరు అడిగితే రెండు సంగతులు చెప్పాను. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదలో సామాను ఎత్తు మీదికి చేరవేస్తూ జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించారు. రెండోది, చిన్నప్పుడు మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గారు స్టీలు డబ్బాలో మరిగించిన గాజు సిరంజితోనే ఊరందరికీ ఇంజెక్షన్లు చేసేవారు. ఆయన రెండూ రాసుకున్నారు. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించిందే 1989లో. దానికి సంబంధించిన పరిశోధనకు హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అనే ముగ్గురికి 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే 1986లో నాకు ఎక్కించిన రక్తాన్ని ఈ వైరస్ కోసం పరీక్షించే మార్గమే లోకంలో లేదు. ఇందులో నిందించడానికి ఎవరూ లేరు. ఆ కాలంలో రక్తం ఎక్కించుకున్నవాళ్లు, కాన్పుల్లోనో ప్రమాదాల్లోనో, మన మధ్య ఎంతోమంది ఉన్నారు. వాళ్లంతా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకుంటే మంచిది.

రియాక్టివ్ అని వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. అది ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయని చెబుతుంది, అంతే. వైరస్ సోకినవారిలో ఇంచుమించు మూడో వంతు మందికి ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది. మిగిలినవారిలో ఉండిపోతుంది. ఉందో పోయిందో తేల్చేది పీసీఆర్ పరీక్ష. నాకు ఉంది. మా ఆవిడకు పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. మా కోడలు భయపడి నా కంచం, గ్లాసు వేరుగా పెట్టసాగింది. నాకు చెప్పలేనంత బాధ కలిగింది. తర్వాత డాక్టరు గారే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఇది ఒక కంచంలో తిన్నందువల్ల, ఒకరినొకరు తాకినందువల్ల అంటుకునే జబ్బు కాదని, రక్తం ద్వారా వచ్చేదని, గడ్డం గీసుకునే బ్లేడు, పళ్లు తోముకునే బ్రష్షు మాత్రం వేరుగా ఉంచితే చాలని చెప్పారు. ఆ సాయంత్రం నుంచే నా కంచం అందరి కంచాల్లో కలిసింది.

వైద్యం కోసం కాకినాడలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమన్నారు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ జబ్బుకు పరీక్షలు, మందులు ఉచితం. ఈ సంగతి తెలియక పొలం తాకట్టు పెట్టాలని ఆలోచించేవాళ్లు ఇంకా ఉన్నారు. మందు సంగతి తేల్చే ముందు డాక్టరమ్మ గారు నా రక్తపరీక్షల కాగితం ముందు పెట్టుకుని, ఫోనులో ఏదో లెక్క వేశారు. లెక్కల మనిషిని కదా, ఆ లెక్క ఏమిటో చెప్పమని అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చీటీ మీద రాసి చూపించారు.

దాని పేరు ఫిబ్-4, రక్తపరీక్ష అంకెలతో కాలేయంలోని మచ్చను అంచనా వేసే లెక్క. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు. మన వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, అంటే లక్షా నలభై వేలు ఉంటే 140. నా వయసు 56, ఎస్‌జీఓటీ 88, ఎస్‌జీపీటీ 100, ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. నూటికి వర్గమూలం పది. 56ను 88తో గుణిస్తే 4928. దాన్ని 1400తో భాగిస్తే 3.52. ఈ లెక్కలో 1.45 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 3.25 దాటితే ఉండే అవకాశం బాగా ఎక్కువ. నాది దాటింది.

ఇంకొక లెక్క ఉంది, దాన్ని ఆప్రి అంటారు. మన ఎస్‌జీఓటీ ఆ ల్యాబు ఇచ్చిన గరిష్ఠ పరిమితికి ఎన్ని రెట్లు ఉందో చూసి, నూటితో గుణించి, ప్లేట్‌లెట్లతో భాగించాలి. మా ల్యాబు పరిమితి 40. నాకు 1.57 వచ్చింది. సిర్రోసిస్, అంటే మచ్చలతో కాలేయం బాగా గట్టిపడిపోయిన దశ, అని అనుమానించడానికి ఇది 2 దాటాలి. అంటే ఒక లెక్క గీత దాటింది, రెండోది దాటలేదు. ఒకే రక్తం, ఒకే కాగితం, రెండు తీర్పులు.

ప్లేట్‌లెట్లకూ కాలేయానికీ సంబంధం ఏమిటని అడిగాను. కాలేయంలో మచ్చలు పెరిగేకొద్దీ పేగుల నుంచి వచ్చే రక్తం అందులోంచి సాఫీగా వెళ్లలేదట. ఆ ఒత్తిడికి ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలోనే ఆపేసుకుంటుందట. ప్లేట్‌లెట్లు తయారుకావడానికి కావలసిన హార్మోనును కూడా కాలేయమే చేస్తుంది, అదీ తగ్గుతుంది. అందుకే ఏ బాధా లేని మనిషికి ప్లేట్‌లెట్లు ఏళ్ల తరబడి మెల్లగా పడిపోతూ ఉంటే కాలేయాన్ని చూడాలంటారు.

ఇంటికి వచ్చాక ఆ సూత్రాన్ని నా చిట్టా పుస్తకం వెనక రాసుకుని వేర్వేరు అంకెలతో వేసి చూశాను. నా రక్తమే ముప్పై ఏళ్ల కుర్రవాడి ఒంట్లో ఉంటే 1.89 వస్తుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒంట్లో ఉంటే 4.4. వయసు నేరుగా గుణకం కావడం వల్ల మరీ చిన్నవాళ్లలో, అరవై ఐదు దాటినవాళ్లలో ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలని ఆవిడ ఎందుకన్నారో అప్పుడు బోధపడింది.

ఆవిడ ఆ రోజు తీర్పు చెప్పలేదు. “ఈ మధ్య జ్వరమేమైనా వచ్చిందా అండి?” అని అడిగారు. వచ్చింది. ఆపరేషన్‌కు అనుకున్న తేదీకి కొద్ది వారాల ముందే జ్వరంతో పడుకుని లేచాను. వానాకాలం వస్తే మా కాలువల వెంట డెంగీ, ఇతర వైరల్ జ్వరాలు మామూలే. వాటిలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. రెండూ కలిసి ఈ లెక్కను పైకి నెడతాయి. ఎస్‌జీఓటీ కండరాల్లో కూడా ఉంటుంది కాబట్టి ఒళ్లు హూనమయ్యే బరువు పని చేసినా పెరగవచ్చట. మా కొట్టులో బస్తాలు మోసేవాళ్లు పరీక్షకు వెళితే ముందురోజు పని మానుకోమని నేను అప్పటి నుంచి చెబుతున్నాను. ఒంట్లో జ్వరం ఛాయలు పూర్తిగా పోయాక మళ్లీ రక్తం ఇచ్చాను. ప్లేట్‌లెట్లు లక్షా డెబ్బై ఐదు వేలు, ఎస్‌జీఓటీ 70, ఎస్‌జీపీటీ 81. ఫిబ్-4 ఇప్పుడు 2.49. ఆప్రి సరిగ్గా 1. రెండూ మధ్యస్థంగానే నిలిచాయి, అటూ కాదు ఇటూ కాదు. ఇలా మధ్యలో చిక్కుకున్నవాళ్లకే కాలేయం గట్టిదనాన్ని బయటి నుంచే కొలిచే ఫైబ్రోస్కాన్ ఎక్కువగా పనికొస్తుందని చెప్పి చీటీ రాసిచ్చారు.

పూర్వమైతే ఇక్కడ బయాప్సీ చేసేవారు. పక్కటెముకల మధ్య నుంచి సూది దించి కాలేయంలోంచి సన్నని ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసేవారు. నొప్పి ఉంటుంది, అరుదుగా లోపల రక్తస్రావం కావచ్చు. పైగా ఆ ముక్క మొత్తం కాలేయంలో ఇంచుమించు యాభై వేలవ వంతు. మచ్చలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు కాబట్టి ముక్క తీసినచోట తక్కువ ఉంటే ఫలితం తక్కువే వస్తుంది. వేరే కాలేయజబ్బు కూడా ఉందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఇప్పటికీ బయాప్సీ కావలసి వస్తుంది. నాకు అవసరం లేదన్నారు. చెప్పొద్దూ, గుండె బరువు దిగింది.

ఫైబ్రోస్కాన్ కోసం మొదట దగ్గరలో ఉన్న పట్నంలో ఒక స్కానింగ్ కేంద్రానికి వెళ్లాను. పేరు రాయను. పొద్దున్నే ఇడ్లీలు తిని, కాఫీ తాగి, పదిన్నరకు వాళ్ల బల్ల మీద పడుకున్నాను. తిన్నారా అని ఎవరూ అడగలేదు. చకచకా పని ముగించి, రంగురంగుల కాగితం చేతిలో పెట్టారు. 13.8 కిలోపాస్కల్ (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం), దాని కింద పెద్ద అక్షరాల్లో ఎఫ్4 సిర్రోసిస్ అని ఉంది. ఆ కుర్రాడు నా ముఖం కూడా చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మా ఆవిడ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. మా పెద్ద బావగారు కబురు విని పొద్దున్నే వచ్చి, ఫలానా ఊళ్లో కామెర్లకు పసరు మందు పోస్తారు, కాలేయానికి దాన్ని మించింది లేదు, పద వెళదామన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ పసరులో ఏ ఆకు ఎంత ఉంటుందో ఎవరికీ తెలియదు. కాలేయాన్ని దెబ్బతీసే మూలికలు కూడా ఉన్నాయి. అసలే దెబ్బతిన్న కాలేయం మీద అలాంటి ప్రయోగం ఎవరూ చేయకూడదు. ఆయనకు దండం పెట్టి రానన్నాను.

డాక్టరమ్మ గారు ఆ కాగితం చూస్తూ పెద్ద అంకె దగ్గర ఆగలేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న వరుస మీద వేలు పెట్టారు. అక్కడ ఐక్యూఆర్, పక్కన 38 శాతం అని ఉంది. ఈ పరీక్షలో ఒక్కసారి కాదు, కనీసం పదిసార్లు కొలిచి, వాటి మధ్యస్థ విలువను ఫలితంగా ఇస్తారు. ఆ పది కొలతలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా అన్నది ఐక్యూఆర్ చెబుతుంది. అది మధ్యస్థ విలువలో 30 శాతం మించితే ఫలితాన్ని నమ్మడానికి లేదు. నాది మించింది. తర్వాత అడిగారు, ఏం తిని వెళ్లారని. చెప్పాను. భోజనం చేశాక పేగుల నుంచి కాలేయానికి రక్తం ఎక్కువగా వస్తుంది, ఆ కాసేపు కాలేయం మామూలుకంటే బిగుతుగా ఉంటుంది, మచ్చ ఉన్న కాలేయంలో ఈ తేడా మరీ ఎక్కువ. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి. ఆ ప్రశ్న అడగడానికి అర నిమిషం పట్టదు. అడగనందుకు ఒక కుటుంబం ఒక రాత్రంతా నరకం చూసింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండోసారి కాకినాడలో ఆవిడ చెప్పిన చోటికి వెళ్లాను. ముందురాత్రి భోజనం తర్వాత ఏమీ ముట్టకుండా తెల్లవారుజామున అమలాపురంలో బస్సెక్కాను. ఎదుర్లంక దగ్గర వంతెన దాటి యానాం వచ్చేసరికి గౌతమి మీద వెలుగు పడుతోంది. అక్కడ పనిచేసే అమ్మాయి మొదట నేను ఏం తిన్నానో, ఎప్పుడు తిన్నానో అడిగింది. ఆయాసం, గుండెజబ్బు ఉన్నాయా, కాళ్ల వాపు ఉందా అని కూడా అడిగింది. గుండె బలహీనపడి రక్తం వెనక్కి నిలిచిపోతే కాలేయం గట్టిగా కనిపిస్తుందని, పైత్యనాళానికి అడ్డం పడినా అంతేనని ఓపికగా చెప్పింది.

“బాబాయి గారూ, వెల్లకిలా పడుకుని కుడి చెయ్యి తల కింద పెట్టుకోండి. కుడికాలు కొంచెం ఎడమకాలి మీదికి వేయండి.” అలా చేస్తే పక్కటెముకల మధ్య సందు విచ్చుకుంటుంది. చొక్కా పైకి తీసి, ఎముకల మధ్య వేలితో తడిమి చోటు చూసుకుని, చల్లటి జెల్ రాసింది. చేతిలో మందపాటి పెన్ను లాంటి సాధనం. దాని కొనను సందులో నిటారుగా ఆనించి, ఊపిరి మామూలుగా పీల్చమని చెప్పి మీట నొక్కింది. టప్‌మని లోపల చిన్న దెబ్బ తగిలింది. నొప్పి లేదు. తెర మీద బూడిద రంగు పట్టీ, అందులో ఏటవాలుగా ఒక గీత కనిపించింది. మళ్లీ టప్. మళ్లీ గీత. ఒకసారి గీత వంకరపోతే యంత్రం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ అమ్మాయి సాధనాన్ని వెంట్రుకవాసి జరిపి మళ్లీ నొక్కింది. ఆ చేతిలో తొందర లేదు. మొదటి కేంద్రంలో లేనిది ఇదే.

ఆ గీత ఏమిటని అడిగాను. సాధనం కొన చర్మం మీద కొట్టే చిన్న దెబ్బ ఒక అలగా లోపలికి వెళుతుంది. ఆ అల ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండు వెంటాడి కొలుస్తుంది. కాలేయం మెత్తగా ఉంటే అల నింపాదిగా నడుస్తుంది, గట్టిపడితే పరుగెడుతుంది. గీత నిట్టనిలువుగా ఉంటే గట్టిదనం ఎక్కువ. మా కొట్టులో కురిడీ కాయను పగలగొట్టకుండానే చెవి దగ్గర ఊపి, వేలితో కొట్టి, లోపల కొబ్బరి గుండు పెంకును వదిలిందో లేదో చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు. ఈ యంత్రం చేసేదీ ఆ జాతి పనే. చర్మం కింద రెండున్నర సెంటీమీటర్ల నుంచి ఆరున్నర సెంటీమీటర్ల లోతు వరకు, బయాప్సీ ముక్కకు వందరెట్లు ఉన్న మేరను కొలుస్తుంది. ఎకోసెన్స్ అనే ఫ్రెంచి సంస్థ 2003 ప్రాంతంలో దీన్ని వాడకంలోకి తెచ్చింది. లావుగా ఉన్నవాళ్లకు మామూలు సాధనం అల లోతుకు అందదు కాబట్టి వాళ్లకు పెద్ద సాధనం వేరే ఉంటుంది. అది లేని చోట వాళ్లు చేయించుకుంటే డబ్బు దండగ.

ఫలితం 10.4 కిలోపాస్కల్, ఐక్యూఆర్ 14 శాతం. కొవ్వు కొలత కూడా అదే యంత్రం చెబుతుంది, నాకు పెద్దగా లేదని వచ్చింది. బయటికి వచ్చి గొట్టం కాజా ఒకటి తిని, టీ తాగి, ఆసుపత్రికి నడిచాను.

అక్కడ నిరీక్షించే బల్ల మీద నా పక్కన పాలకొల్లు నుంచి వచ్చిన ఒక అక్కయ్య గారు కూర్చున్నారు. ఆవిడకు 24 వచ్చింది, ప్లేట్‌లెట్లు తొంభై వేలు. ఎండోస్కోపీకి పంపుతున్నారు. సిర్రోసిస్ ఉన్నవారిలో అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి చిట్లే ప్రమాదం ఉంటుంది. గట్టిదనం 20 కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ఆ ప్రమాదం చాలా తక్కువ కాబట్టి ఎండోస్కోపీని వాయిదా వేయవచ్చట. ఆవిడకు రెండూ ప్రమాదం వైపే ఉన్నాయి. ఇంకొకాయన నరసాపురం వైపు నుంచి వచ్చారు, పొట్టలో నీరు చేరింది. నీటిలో ఆ అల సాగదు కాబట్టి ఈ స్కాను ఆయనకు చేయనే లేదు. ఆ దశలో దాని అవసరం కూడా లేదని చెప్పారు, పొట్టలో నీరే ఆ కథ చెబుతోంది. ఆయన కొడుకు నా కాగితం తీసుకుని చూసి, “మీరు ముందే వచ్చారండి” అన్నాడు. నాకు మాట రాలేదు.

మచ్చను ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా మెట్లుగా చెబుతారు. ఎఫ్0 అంటే మచ్చ లేదు, ఎఫ్4 అంటే సిర్రోసిస్. హెపటైటిస్ సి ఉన్నవారిలో 7 దాటితే ఎఫ్2, తొమ్మిదిన్నర దాటితే ఎఫ్3, పన్నెండున్నర దాటితే ఎఫ్4 అని స్థూలంగా లెక్క. ఈ గీతలు ఈ జబ్బుకు పెట్టినవి. కొవ్వు పట్టిన కాలేయానికి, హెపటైటిస్ బికి వేరే గీతలు ఉంటాయి. నా 10.4, ఫిబ్-4లో వచ్చిన 2.49, కాలేయం అంచు నున్నగానే ఉందనీ ప్లీహం పెరగలేదనీ చెప్పిన అల్ట్రాసౌండు, మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని డాక్టరమ్మ గారు నాది ఎఫ్3 అని, సిర్రోసిస్ కాదని తేల్చారు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఆ పక్కపక్కన పెట్టడమే. ఏ ఒక్క అంకెకూ తీర్పు చెప్పే అధికారం ఇవ్వలేదు.

ఇక మందు సంగతి. సిర్రోసిస్ లేదు కాబట్టి సోఫోస్బువిర్, డాక్లాటాస్విర్ మాత్రలు రోజుకొకసారి, పన్నెండు వారాలు. సిర్రోసిస్ ఉండి ఉంటే డాక్లాటాస్విర్ బదులు వెల్పటాస్విర్ ఇచ్చేవారు. కాలేయం చేతులెత్తేసిన దశ అయితే రిబావిరిన్ కలపడమో, ఇరవై నాలుగు వారాలు వాడడమో ఉండేది. మొదట్లో కొంచెం తలనొప్పి, నీరసం తప్ప నాకు ఏమీ కాలేదు. మాత్రలు అయిపోయిన పన్నెండు వారాలకు చేసిన పీసీఆర్‌లో వైరస్ కనిపించలేదు. దాన్నే నయమైనట్లు లెక్కిస్తారు. మా ఆవిడ ఆ కాగితాన్ని ముందు దేవుడి దగ్గర పెట్టి, తర్వాత నాకు ఇచ్చింది.

ఆ కాగితం జాగ్రత్త. వైరస్ పోయినా యాంటీబాడీలు ఒంట్లో ఉండిపోతాయి. కంటి ఆపరేషన్‌కు మళ్లీ వెళితే అదే ‘రియాక్టివ్’ వచ్చింది. పీసీఆర్ కాగితం చూపించాకే మాట ముందుకు సాగింది, ఆపరేషన్ బాగా జరిగింది. యాంటీబాడీలు ఉన్నాయి కదా, మళ్లీ రాదులే అనుకోవడానికి కూడా లేదు. అవి కాపాడవు, దీనికి టీకా కూడా లేదు.

నయమయ్యాక ఇక ఆసుపత్రి ముఖం చూడనక్కరలేదని చాలామంది అనుకుంటారు. నాతో పాటు మందు తీసుకున్న ఇద్దరు అలాగే మానేశారు. నేను మానలేదు. మరుసటి ఏడాది మళ్లీ పరగడుపున అదే చోట కొలిపించుకుంటే 7.4 వచ్చింది. ఆనందంతో ఎఫ్3 నుంచి ఎఫ్2కు దిగిపోయానా అని అడిగాను. డాక్టరమ్మ గారు నా ఉత్సాహాన్ని చిన్నబుచ్చకుండానే అసలు సంగతి చెప్పారు. వైరస్ ఉన్నప్పుడు కాలేయంలో వాపు కూడా ఉంటుంది, యంత్రం మచ్చనూ వాపునూ కలిపే కొలుస్తుంది. వైరస్ పోగానే వాపు తగ్గి అంకె త్వరగా దిగుతుంది. మచ్చ కరగడానికి ఏళ్లు పడుతుంది. పైగా ఆ గీతలన్నీ వైరస్ ఉన్నవారిని చూసి గీసినవి, నయమైనవారికి అలాగే వర్తించవు. నా విషయంలో మాత్రం ఎఫ్3 అని ఒకసారి తేలింది కాబట్టి కాలేయ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండు చేయించుకుంటూ ఉండాల్సిందేనన్నారు. కల్లు, సారా, ఏ రూపంలోనూ వద్దన్నారు. చేయించుకుంటున్నాను, ముట్టడం లేదు. ఆ ఇద్దరి ఇళ్లకూ వెళ్లి చెప్పి వచ్చాను. ఒకరు మళ్లీ వెళ్లారు. రెండోవారికి ఇంకా చెబుతూనే ఉన్నాను.

మొన్న మా కొట్టుకు లోడు తీసుకెళ్లే లారీ డ్రైవరు తన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. 13 దాటింది, సిర్రోసిస్ అట గురువు గారూ, అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఐక్యూఆర్ చూశాను, 11 శాతం, బాగానే ఉంది. ఏమీ తినకుండానే వెళ్లాడట. అయితే రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ 400 దాటి ఉంది. అంత వాపు ఉన్నప్పుడు మచ్చ తక్కువైనా అంకె పైకి పోతుంది. నేను డాక్టరును కాను, ఆ కాగితం చదివి తీర్పు చెప్పను. కానీ ఆ 400 సంగతి డాక్టరుతో తప్పకుండా అడగమని, వాపు తగ్గాక మళ్లీ కొలవాలేమో తెలుసుకోమని కాగితం అంచున రాసిచ్చాను. మాత్రలు మాత్రం ఆలస్యం చేయవద్దన్నాను. సోమవారం అతన్ని కాకినాడ తీసుకెళ్తున్నాను.